గొళ్ళెం

ఇల్లిడిసి పోవుడంటే
భుజానికో సంచి, కండ్లల్ల నీళ్ళు అనుకుంటరు.
నాకైతే ముందుగాల ఒక తాడు కావాల్సొచ్చింది,
ఆటో ఎనుక చక్రాల కుర్చీ కట్టేటందుకు.

శివనగర్‌ల ఆ పొద్దుగాల
ఆటో అతను మూడు ముడులేసి, ఒకటి గుంజి చూసి
"ఊడదక్కా" అన్నడు.
పదమూడేండ్ల పెండ్లిల
అంత నమ్మకంగ ఒక్క మాట ఎవలూ చెప్పలే నాకు.

లోకితకు పదకొండు. నడుము నిలవదు,
మెడ ఒక దిక్కు వాలుతది,
నవ్వు మాత్రం నిటారుగనే వస్తది.
ఈశ్వంత్‌కు ఏడు. చెవులున్నయ్, నోరున్నది,
మాట ఇంకా తొవ్వలనే ఉన్నది.
ఎంజీఎంల సదరం క్యాంపు నాడు
ఇద్దరినీ శాతాలల్ల రాసిచ్చిండ్రు,
ఒకరికి ఎనభై ఐదు, ఒకరికి అరవై.
నా పెండ్లి ఎంత శాతమో అడుగుదామనుకున్న,
ఎనుక లైను పెద్దగున్నది.

ఆయన కొట్టేటోడు కాదు.
అందుకే ఎవలకూ చెప్పరాలే.
తాగుడు లేదు, జీతం దాచుకునుడు లేదు,
నెల మొదట్లనే బియ్యం బస్తా దించుతుండె.
బెల్లు మోగితే మాత్రం
లేచి నడిమి అర్ర తలుపు దగ్గరేస్తుండె.
చుట్టాలొచ్చినా, చిట్టీ పైసలకొచ్చినా,
ఓటరు లిస్టు రాసేటామె వచ్చినా
ముందు ఆ తలుపు, తర్వాత ఈ తలుపు.
"పిల్లలేరీ" అంటే "పండుకున్నరు" అంటుండె.
ఆయన లెక్కల నా బిడ్డ
పదకొండేండ్ల సంది పగలంత పండుకునే ఉన్నది.

నేను గూడ సప్పుడు కాకుంట
ఛాయ గిలాసలు తెచ్చిచ్చిన.
అదీ చెప్పాలె.

మొన్న మాఘంల, ఒక ఐతారం
బెల్లు మోగింది.
ఆయన తానం చేస్తున్నడు,
నా చేతులు పిండిల ఉన్నయ్.
ఈశ్వంత్ లేచిండు.
అక్క కుర్చీ బ్రేకు తీసిండు, నేను నేర్పలే,
మెల్లగ అర్రలకు తోసిండు,
తనూ లోపటికి పోయిండు,
తలుపేసి, లోపట్నుంచి
గొళ్ళెం పెట్టిండు.
టక్.
మాట రాని పోరడు
ఆ ఇంట్ల నేర్చుకున్న మొదటి మాట అది.

పిండి చేతులు కడుక్కోకముందే
నాకు సమజైంది.

కాశిబుగ్గల చాంద్ బీ ఇల్లు. ఒకటే అర్ర.
మెట్లు రెండే. గాని రెండు మెట్లంటే
మాకు ఓరుగల్లు కోట గోడ.
ఆమె ఏమీ అనలే. అటక మీంచి
పాత మగ్గం పలక ఒకటి దించి ఏటవాలుగ పరిచింది.
వాళ్ళ మామ జంపఖానాలు నేసిన చెక్కనట.
ఇప్పుడు దాని మీదికెల్లే
నా బిడ్డ ఎండలకు దిగుతది.

పిల్లలను చాంద్ బీ కాడ కూసోబెట్టి
ఎనుమాములల మిరపకాయల తొడిమెలు తీయబోత.
మజ్జిగల ముంచినా, నూనె రాసినా
చేతుల మంట తెల్లారేదాక పోదు.
లోకిత మూతి తుడవాల్నంటే
చేతికి కొంగు చుట్టుకుంట.
లెక్కలు కుదురుతలేవు. కూలికి పింఛను కలిపినా
కిరాయి పోను మందుల చీటీ మిగుల్తది.
రాత్రి గల్లీల బండి సప్పుడైతే
పిల్ల మెడ తిప్పి వింటది,
నాయిన బండే అనుకుంటది.
విననీ. ఆ తలుపు నేను వెయ్యను.

ఈడ బెల్లు లేదు. ఎవలన్న తలుపు కొడితే
ఈశ్వంత్ ఇంకా ఉరుకుతడు, కుర్చీ పట్టుకుంటడు,
తోయనీకి రెండో అర్ర లేదు.
గోడ దాక పోయి ఆగి
నా దిక్కు చూస్తడు.
గొళ్ళెం తలుపు నెత్తి మీద పెట్టించిన,
రాత్రికి నాకందేటట్టు,
పగలు వానికి అందకుంట.

నిన్న గ్యాస్ పిలగాడు వచ్చిండు.
కుర్చీల పిల్లను చూసి
"పేరేంది చెల్లె?" అన్నడు.
నేను చెప్పబోయి, నోరు మూసుకున్న.
లోకిత మెడ లేపింది.
"లో" కాడనే ఊపిరి అయిపోయింది.
మళ్ళ మొదలువెట్టింది.
భుజం మీది సిలిండర్ దించాలన్న సోయి లేక
ఆ పిలగాడు గడపల అట్లనే నిలబడ్డడు,
ఇంకా రెండక్షరాలు రావాలె.